దక్షిణపు హద్దు

కొత్తపేటలో రికార్డు గది తలుపు తీస్తే
ముందు తగిలేది వసకొమ్ముల ఘాటు,
గాలి మళ్లితే మిర్చియార్డు.
మార్చి నెలంతా గుంటూరులో
చరిత్రకు తుమ్ములే.

కాలేషాకు చదువు రాదు.
ఎర్రగుడ్డ మూట ముక్కుకి ఆనించుకుని
"ఇది రేపల్లె వైపుది, ఉప్పుగాలి తింది" అంటాడు,
"ఇది పల్నాటిది, సున్నం" అంటాడు.
ముప్పయ్యేళ్లలో రెండుసార్లే తప్పాడట.
ఆ రెండుసార్లూ జలుబు చేసిందట.

నాది పుటకింతని కూలి.
కరణాల గొలుసుకట్టు విడదీసి
అందరికీ తెలిసే అక్షరాల్లో తిరగరాయడం.
కలం ఎత్తకుండా రాసిన మనుషులు వాళ్లు.
ఊపిరి ఎక్కడ తీసుకున్నారో కనిపెట్టి
మాట అక్కడ తెగిందనుకోవాలి.
ఒక్క ళకారం తోక పట్టుకుని
పొద్దు గుంకేదాకా కూచున్న రోజులున్నాయి.

జక్రయ్య వచ్చింది ఆ మార్చిలోనే.
తుమ్మలకోడూరు. చంకలో ప్లాస్టిక్ సంచి,
సంచిలో తహసీల్దారు ఆఫీసు కాగితం:
'సదరు రెండు కుంటలకు ఆధారము చూపవలెను.'
"మా ముత్తాత వెట్టి చేసిన మాన్యమమ్మా.
ఇప్పుడు మావాళ్లని పూడ్చుకునే చోటు.
మా ఊరి పుట్టుక మీ కాడ రాసుందంటగా."

ఉంది. నలభై పత్రాలు.
మొదటి పన్నెండూ ఏ రాజు వెనక ఏ రాజో.
తర్వాత గుడి ధూపదీపాలకెంత,
గుర్రాల గడ్డికెంత,
దేశపాండ్యా గారి అల్లుడికి, ఎందుకో, ఎంతో.
నందన కరువుకి ఒకే ఒక్క వాక్యం:
'ఆ యేట వూరు వూరుగా లేదు.'
అది చదివి నేను మంచినీళ్లు తాగాను.
జక్రయ్య తాగలేదు. ముందుకి చదవమన్నాడు.

ఆరో రోజు, ముప్పయ్యేడో పత్రంలో
వెట్టివాని మాన్యం దొరికింది.
కుంటలు రెండు.
తూర్పున వాగు.
పడమర తంగేటి గుబురు.
ఉత్తరాన కుమ్మరి మట్టిగుంట.
దక్షిణాన

దక్షిణాన రామబాణం పురుగు.
బరమా పెట్టి తొలిచినట్టు గుండ్రంగా దిగి,
కింది పత్రంలో దేశపాండ్యా గారి సంతకాన్ని మాత్రం
వెంట్రుకవాసిలో తప్పించి పక్కకి తిరిగింది.

భూతద్దం పెట్టాను.
పత్రం ఎత్తి కిటికీ వెలుగుకి పట్టాను.
చిల్లులోంచి జక్రయ్య గళ్ల లుంగీ కనిపించింది.

ఆయన నవ్వాడు, పెద్దగానే.
"దక్షిణానే గదమ్మా మేముండేది.
పురుక్కూడా తెలుసు ఏం తినాలో."

నవ్వు ఆగాక తనే చెప్పడం మొదలుపెట్టాడు.
దక్షిణాన నాపరాయి,
రాయి మీద గొడ్డళ్లు నూరిన గాడి,
గాడిలో వాన నిలిస్తే పిచ్చుకలు తాగేవి.
రాయికి ఇవతల సువార్తమ్మ మామ్మ.
ఆమె పక్కన, పేరు పెట్టకముందే పోయిన పిల్లోడు.
కలరా ఏడాది పదకొండు మంది, ఒకే గుంట.
గుంట మీద ఏం నాటారో
ఆయనకు గుర్తు రాలేదు. చాలాసేపు ఆలోచించాడు.

రూలు ప్రకారం నేను రాయాల్సింది
'ఇచ్చట శిథిలము' అని, మూడు చుక్కలు.
రాశాను. మూడు చుక్కలకీ అదే కూలి.

ఎందుకో మళ్లీ మొదటి పత్రం తిప్పాను.
ఆరురోజులుగా చూసీ చూడని తొలి పంక్తి:
'దండకవిలె అగ్నిబాధచేత పోయినందున
గ్రామమందు వృద్ధులు చెప్పిన ప్రకారం వ్రాయించినది.'

అంటే రాజులూ, గుర్రాలూ, ఆ అల్లుడూ
ఎవరో అరుగు కింద నిలబడి
నోటితో చెప్పగా వచ్చినవాళ్లే.

తెల్లకాగితం తీశాను. పెన్సిలే, సిరా అయితే పక్కదానికి అంటుతుంది.
'దక్షిణాన నాపరాయి' అని మొదలుపెట్టి
ఆయన ఊపిరి తీసుకున్న చోటే మాట తెంపుతూ రాశాను.
కింద, చెప్పినవాడు జక్రయ్య, వయస్సు డెబ్బై రెండు.
"సాక్షి ఉండాలేమో గదమ్మా" అన్నాడు.
కాలేషా వేలిముద్ర వేశాడు.

తహసీల్దారు దీన్ని ఆధారమంటాడని నేననుకోను.
జక్రయ్యా అనుకోలేదు.
నకలుకి కట్టిన ఇరవై రూపాయల రసీదు మాత్రం
నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకున్నాడు.

మూట కట్టి కాలేషా ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.
ఏమీ అనలేదు. తుమ్మాడు.
రిజిస్టరులో తుమ్మలకోడూరుకి ఎదురుగా
ఇప్పటికీ పత్రాలు నలభై అనే ఉంది.